కుడి పక్క స్టీరింగు

ఎవరింటికైనా పోయినప్పుడు ముందుగదిలో అద్దాల షోకేసు కనిపిస్తే నేను దానికి వీపు పెట్టి కూర్చుంటాను. కోరుట్లలో, జగిత్యాలలో గల్ఫుకు పోయి వచ్చినవాళ్ల ఇళ్లలో ఆ షోకేసు ఉండి తీరుతుంది. అందులో ప్లాస్టిక్ పూలు, వాసన పోయిన సెంటు సీసాలు, ఎవరూ తాగని టీ కప్పులు, వాటి మధ్యలో ఒక తెల్ల పికప్ బండి బొమ్మ. జానెడు పొడవు, పక్కన ఎర్ర గీత, తలుపు మీద ఆ ఇంటాయన పేరు. ఆ బొమ్మల్లో చాలావరకు నా చేతులతో చేసినవే. ఇంటావిడ మురిసిపోతూ ఆ బండిని దించి నా చేతికే ఇవ్వబోతుంది. నీకో దండం తల్లీ, దాన్ని అక్కడే పెట్టు అనాలనిపిస్తుంది. అనను. చాయ్ తాగేసి వచ్చేస్తాను.

మా నాయిన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నాకు ఎత్తంటే చచ్చేంత భయం, నిచ్చెన మీద రెండు మెట్లెక్కి దిగిపోయేవాణ్ణి. అందుకని నేల మీద నిలబడి చేసే పని వెతుక్కున్నాను. బండ్లకు రంగులేసే పని. కోరుట్లలో నేర్చుకుని, మా వాడకట్టులో అందరూ పోయినట్టే నేనూ గల్ఫుకు పోయాను. అక్కడ ఒక రేకుల షెడ్డులో నాలుగేళ్లు పికప్ బండ్లకు సొట్టలు తీసి రంగులేశాను. ఎడారి ఇసుక కొట్టీ కొట్టీ బండ్ల ముఖాలు గీక్కుపోయి వచ్చేవి. గరుకు కాగితంతో రుద్దడం, పుట్టీ పెట్టడం, మళ్లీ రుద్దడం, రంగు కొట్టడం. థిన్నర్ వాసన అన్నంలో ఉండేది, దుప్పట్లో ఉండేది, ఉమ్మితే ఉమ్మిలో ఉండేది. థూ, ఇది రాస్తుంటే కూడా గొంతులో తగులుతోంది. చివరికి దగ్గు పట్టుకుంది. దగ్గేవాడు నాకెందుకని షెడ్డు యజమాని టికెట్టు చేతిలో పెట్టి పంపించేశాడు.

అక్కడి నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఒక నోటుబుక్కు. పని ఉండని శుక్రవారాల్లో టేపు పట్టుకుని ఒక పికప్‌ను ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా కొలిచి అందులో రాసుకున్నాను. ఎందుకు కొలిచావంటే నాకే తెలియదు. గదిలో పడుకుంటే ఇల్లు గుర్తొచ్చేది, కొలుస్తుంటే గుర్తొచ్చేది కాదు, అంతే. ఊరికి వచ్చాక ఆ కొలతలన్నీ ఇరవైతో భాగించి మొదటి బొమ్మ చేశాను. నూనె డబ్బా రేకుతో బాడీ, మందు కడిగేసిన ఎక్స్‌రే ఫిల్ముతో ముందూ వెనకా అద్దాలు, పాత హవాయి చెప్పుల రబ్బరుతో టైర్లు. చక్రాలకు కొయ్య మాత్రం బామ్మర్ది ఇచ్చాడు.

బామ్మర్ది అంటే నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. అప్పటికే సాంచాలు ఒక్కొక్కటీ బంద్ పడుతున్నాయి. నూలు చుట్టే కొయ్య కండెలు షెడ్డు మూలన గుట్టగా పడి ఉంటే ఒక సంచి నింపుకుని బస్సులో తెచ్చిచ్చాడు. వాటిని బిళ్లలుగా కోస్తే చక్రాలు సరిగ్గా కుదిరాయి. గీ వయసుల బొమ్మలతోని ఆడుకుంటున్నవేంది బావా అని పగలబడి నవ్వాడు. నవ్వినవాడు నవ్వి పోకుండా, నా పక్కనే చతికిలబడి, పొద్దుగూకేదాకా ఆ చక్రాలకు గరుకు కాగితం పట్టాడు. ఏ పని దగ్గరైనా ఊరికే కూర్చోలేడు. సాంచ ముందు పన్నెండు గంటలు నిలబడ్డ అలవాటు.

మొదటి రెండు బొమ్మలూ సరదాకు చేశాను. ఆ తర్వాత గల్ఫు నుంచి వచ్చినవాళ్లు అడగడం మొదలుపెట్టారు. నేను తోలిన బండి ఇట్లాగే ఉంటుంది, తలుపు మీద నా పేరు రాయి అనేవాళ్లు. తోలింది వీళ్లు, నా మొహం! సగం మంది బండి వెనక ట్రేలో మూటల్లో మూటలా కూర్చున్నవాళ్లే. ఆ సంగతి నాకెట్లా తెలుసంటే, ఒకరోజు మా షెడ్డుకు ఒక పికప్ వచ్చింది. వెనక గడ్డి మోపుల మీద, రెండు గొర్రెల నడుమ, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నేను తెలుగులో పలకరించగానే ఏడ్చేశాడు. బోయినపల్లి దిక్కు మనిషి. డ్రైవర్ వీసా అని చెప్పి పంపిస్తే ఎడారిలో గొర్రెల దగ్గర దింపారట. ఒక్కసారైనా బండి తోలావా అని అడిగాను. కడగడానికి లోపల కూర్చున్నానన్నాడు. అతని గడ్డంలో గొర్రె వెంట్రుకలు ఉన్నాయి. మళ్లీ ఆ గొర్రెల మధ్యే ఎక్కి వెళ్లిపోయాడు. డ్రైవర్ వీసా అంటే ఏమవుతుందో నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదని ఇదంతా ముందే చెబుతున్నాను. నాకు తెలుసు.

కొన్నాళ్లకు జగిత్యాలలో ఒక ఏజెంటు నా పని గురించి విని కబురు పంపాడు. ఒక బొమ్మ సంచిలో పెట్టుకుని వెళ్లాను. మేడ మీద ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే అత్తరు వాసన ముఖాన కొట్టింది. లోపల ఏసీ, గోడకు ఒంటెల ఫొటో, బల్ల మీద ఇత్తడి పళ్లెంలో ఖర్జూరాలు. గల్ఫులో పన్నెండేళ్లు పికప్ తోలానని, తోలి తోలి ఇంతవాణ్ణయ్యానని ఎవరొచ్చినా ఆ ఏజెంటుది అదే పురాణం. మధ్యలో అరబ్బీ ముక్కలు, మాటకు ముందొక యల్లా, మాట చివర ఒక ఖలాస్. నా బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కిటికీలోంచి లోపలికి చూసి మొహం చిట్లించాడు.

"పనైతే మంచిగున్నది గని, స్టీరింగ్ తప్పు పక్కకు పెట్టినవన్నా. పన్నెండేండ్లు తోలిన బండి, నాకు తెల్వదా? కుడి పక్కకు పెట్టు."

మన దేశంలో స్టీరింగు కుడి పక్కన ఉంటుంది. అక్కడ ఎడమ పక్కన. అక్కడ దిగి ఒక్కరోజు రోడ్డు పక్కన నిలబడినవాడికి కూడా తెలిసే సంగతి ఇది. నాలుగేళ్లు ఆ స్టీరింగులకు రంగు అంటకుండా కాగితాలు చుట్టినవాణ్ణి నేను. ఈ పెద్దమనిషి పన్నెండేళ్లు కాదు, పన్నెండు నిమిషాలు కూడా ఆ బండిలో కూర్చోలేదు. అసలు విమానం ఎక్కాడో లేదో కూడా అనుమానమే. ఆ మాట అక్కడే ముఖం మీద కొట్టినట్టు అనాల్సింది. నేనేం చేశాను? సరేనన్నాను. జేబులోంచి బ్లేడు తీసి, ఆ బల్ల మీదే ఎడమ పక్క స్టీరింగు ఊడదీసి కుడి పక్కన అంటించాను. ఆయన శభాష్ అని ఖర్జూరం ఇచ్చాడు. తిన్నాను.

డ్రైవర్ వీసా కుదిరిన ప్రతి మనిషికీ తలుపు మీద పేరు రాయించి ఒక బొమ్మ కానుకగా ఇస్తానన్నాడు ఏజెంటు. అంటే నాకు పని ఆగదు. దగ్గుతో పెద్ద బండ్ల దగ్గరికి పోలేని మనిషికి అదే పెద్ద ఆశ. కానీ అదొక్కటే అయితే ఇంత రోత పుట్టదు. ఆ బొమ్మను బల్ల మీద గాజు పెట్టెలో పెట్టించి, పైన చిన్న లైటు వేయించాడు. నా పనిని అంతవరకు ఎవరూ లైటు కింద పెట్టలేదు. సిగ్గులేని గుండె, పొంగిపోయింది.

అప్పటినుంచి కుడి స్టీరింగుతోనే చేశాను. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, తెలుపు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య నీళ్లతో రుద్దుడు, టేపు వేసి ఎర్ర గీత, చివరికి సన్న కుంచెతో తలుపు మీద పేరు. ఏజెంటు గల్ఫుకు పోకపోతే ఏమైంది, వీసా నిజమైంది అయ్యుండొచ్చు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఎంత బాగా చెప్పుకున్నానంటే, కొన్నాళ్లకు ఆ బోయినపల్లి మనిషి ముఖమే గుర్తురావడం మానేసింది.

ఒకరోజు పొద్దున ఏజెంటు నుంచి ఫోనులో నాలుగు పేర్లు వచ్చాయి, ఊళ్లతో సహా. మూడోది నా బామ్మర్ది పేరు. ఊరు సిరిసిల్ల. ఒకే పేరు ఇద్దరికి ఉండదా అనుకున్నాను. ఇంటిపేరు కూడా అదే.

పొయ్యి దగ్గర ఉన్న నా భార్యకు ఫోను చూపించాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తలొంచుకుని రొట్టె తిప్పుతూ, "నీకు చెప్తే అడ్డం పడ్తవని చెప్పొద్దన్నడు," అంది. మూడు నెలల నుంచి సాంచ బంద్ ఉందట, ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నాడట. ఏజెంటు బల్ల మీద నా బొమ్మ చూశాడట. మా బావ పని ఇక్కడున్నదంటే ఈ ఆఫీసు ఉత్తుత్తిది కాదని ధైర్యం వచ్చిందట. ఆ ముక్క వినగానే ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. ఏజెంటు అబద్ధం గురించి ఆవిడకైనా చెప్పాలి కదా. దానికి బదులు, బామ్మర్ది నన్ను అడగకుండా అక్కడికి పోయాడని అరిచాను. తప్పంతా వాడిదే అన్నట్టు అరిచి, బయటికి వచ్చి బీడీ ముట్టించాను. దగ్గు మనిషికి బీడీ ఒకటి.

ఆ నాలుగు బండ్లలో మూడింటికి స్టీరింగు కుడి పక్కన అంటించాను. బామ్మర్ది బండికి మాత్రం కావాలనే ఎడమ పక్కన అంటించాను. అది చూసి వాడు బావా ఇదేంది అని అడుగుతాడు, అప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. నోటితో చెప్పాల్సిన మాటను గమ్ముతో చెబుదామనుకున్న వెధవను నేను. రెండు రోజులు దాన్ని కిటికీలో పెట్టుకుని చూశాను. మూడో రోజు, ఏజెంటు చూస్తే నాలుగూ నా ముఖాన కొడతాడని భయం పట్టుకుంది. బ్లేడు పెట్టి లాగితే స్టీరింగుతో పాటు డాష్‌బోర్డు మీది నల్లరంగు కూడా పొరగా లేచి వచ్చింది, లోపలి రేకు తెల్లగా కనబడింది. పైకప్పు బిగిస్తే లోపల ఎవరు చూస్తారని దానికి రంగు కూడా పెట్టలేదు. కుడి పక్కన అంటించి, తలుపు మీద వాడి పేరు రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ప్రయాణానికి ముందు సిరిసిల్లలో దావత్ పెట్టుకున్నారు. నేనూ నా భార్యా చందుర్తి మీదుగా వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడ గుడి చుట్టూ కోడెను తిప్పే మొక్కు చెల్లించి వస్తున్న జనంలో నలిగిపోతూ ఇంకో బస్సు ఎక్కి వెళ్లాం. దారి పొడుగునా నోట్లో మాట తయారుగా పెట్టుకున్నాను. వాణ్ణి పక్కకు పిలుస్తాను, ఆ ఏజెంటు ఎప్పుడూ పోలేదురా అంటాను, అంతే. నాలుగు మాటలు.

వాళ్ల వాకిట్లో చాపల మీద జనం కూర్చున్నారు. మధ్యలో స్టూలు మీద నా బండి. బామ్మర్ది దాన్ని పెళ్లికొడుకును చూపించినట్టు అందరికీ చూపిస్తున్నాడు. చూపుడువేలు కిటికీలోంచి పెట్టి ఆ కుడి పక్క స్టీరింగును తిప్పబోయాడు. తలుపు తెరుచుకోదా అని ఒకరు, లైట్లు దేనితో చేసినవని ఇంకొకరు. పక్కింటి ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, అచ్చం నిజం బండే అన్నాడు. ఇక నేను ఆగుతానా? ఎన్ని పూతలు వేశానో, అద్దాలు ఎట్లా చేశానో, చక్రాలకు ఈ ఊరి కండెలే వాడానని, అన్నీ చెప్పాను. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. నేను ఆ చాప మీద కూర్చుని మహారాజులా కోడికూర తిన్నాను, ఇంకో ముక్క వేయమని అడిగి మరీ తిన్నాను.

చేతులు కడుక్కునేటప్పుడు బామ్మర్దే చెంబుతో నీళ్లు పోస్తూ దగ్గరికి వచ్చాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. గొంతు తగ్గించి అడిగాడు.

"బావా, నువ్వు ఆడ నాలుగేండ్లు ఉండి అచ్చినవ్. నువ్వు జెప్పు. గాయన నమ్మే మనిషేనా?"

అంతకన్నా మంచి అదను ఏముంటుంది? నేను పిలవకుండానే వాడే వచ్చాడు, వాడే అడిగాడు, నా చేతుల మీద వాడే నీళ్లు పోస్తున్నాడు. చెబితే, మరి నీ బొమ్మ అక్కడెందుకుంది అంటాడు. ఆ ఒక్క మాటకు భయపడ్డాను. "నాకు బండ్ల సంగతి తెలుస్తది గని, మనుషుల సంగతి నాకేం తెలుస్తది," అన్నాను. వాడు తలూపాడు. నేను కాదనలేదు కాబట్టి ఔననుకున్నాడు. తువ్వాలు అందించాడు.

వెళ్లిన వారానికి ఫోను వచ్చింది, చేరానన్నాడు. ఆ తర్వాత నెల దాటినా లేదు. చివరికి నా భార్యకు ఎవరి ఫోనులోంచో మాటలు రికార్డు చేసి పంపాడు. గొర్రెల దగ్గర ఉన్నాడు. ఒక్కడే. వారానికోసారి పికప్ వచ్చి నీళ్లూ పిండీ ఇచ్చి పోతుంది. అమ్మకు చెప్పకు అక్కా, బావకు చెప్పు, బావకైతే ఆ ఏజెంటు తెలుసు, బావ మాట్లాడుతడు అన్నాడు. నా భార్య ఆ మాటలు రెండోసారి పెట్టి వినిపించి, నా ముఖంలోకి చూసింది.

జగిత్యాలకు పోయాను. మెట్ల మీద అదే అత్తరు, బల్ల మీద అవే ఖర్జూరాలు, లైటు కింద నా బండి. చొక్కా పట్టుకోవాలని పోయినవాణ్ణి, కూర్చో అనగానే కూర్చున్నాను. బామ్మర్దిని వెనక్కి రప్పించమన్నాను. అక్కడ మొదట అన్ని పనులూ చేయిస్తారు, తర్వాత స్టీరింగు ఇస్తారు, ఓపిక పట్టమని వాడికి చెప్పమన్నాడు. అప్పుడు నోరు తెరిచాను. అక్కడ స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది, నువ్వెప్పుడూ పోలేదు అన్నాను. ఏజెంటు ముఖంలో రంగు మారలేదు. గాజు పెట్టె మీద దుమ్ము తుడుచుకుంటూ, "ఎరికుంటే అప్పుడే జెప్పకపోయినవా అన్నా? పెట్టింది నువ్వే గద," అన్నాడు.

లేచి ఛీ అని వాడి బల్ల మీద ఉమ్మేయాల్సింది. ఉమ్మాలంటే నోట్లో తడి ఉండాలి కదా. మెట్లు దిగి వచ్చాను. కింద కొత్తగా వచ్చిన ఇద్దరు, చేతుల్లో పాస్‌పోర్టు కవర్లతో, ఆఫీసు ఇదేనా అని నన్నే అడిగారు. ఆ ఇద్దరికి మాత్రం చెప్పాను. ఏజెంటు ఎన్నడూ అక్కడికి పోలేదు, లోపల పెట్టిన బొమ్మ నేను చేసిందే, తప్పు చేశాను, వెనక్కి పోండి అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఎవడో పిచ్చోడనుకుని, మెట్లెక్కి పైకి వెళ్లారు.

ఇంటికి వచ్చి కుంచెలూ రేకూ రంగు డబ్బాలూ మూటకట్టి అటక మీద పడేశాను. మళ్లీ ముట్టుకోలేదు.

బామ్మర్ది ఏడాదిన్నరకు వచ్చాడు. అక్కడ మనవాళ్లెవరో పుణ్యాత్ములు పట్నం దాకా చేర్చి కాగితాలు చేయించారట. మేం సిరిసిల్లకు పోయేసరికి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సాంచ మీద పోగులు ముడేసిన వేళ్లు, గోళ్ల చుట్టూ పగిలి నల్లబడిపోయాయి. ఒంట్లో గొర్రె వాసన ఇంకా పోలేదని తనే చెప్పి నవ్వాడు. తిట్టలేదు, అడగలేదు. ఇట్లాంటివాడు నా గల్లా పట్టుకుంటే ఎంత బాగుండేదో. అక్కకు చాయ్ పెట్టమని చెప్పి, లోపలికి పోయి టీవీ పక్కన ఉన్న బండిని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"బావా, ఆడ స్టీరింగ్ ఎడమ పక్కకు ఉంటది. నీళ్ల బండి అచ్చినప్పుడల్ల సూసేటోన్ని. మా బావ మర్చిపోయిండు, పోయినంక చెప్పాలె, సక్కగ పెట్టించాలె అనుకునేటోన్ని."

ఆ ఎడారిలో, నీళ్ల బండి కోసం వారమంతా చూసి, అది వచ్చినప్పుడు వాడు నా తప్పును నా మతిమరుపు కింద రాసుకున్నాడు. ఇంటికి వచ్చి సరిచేయిద్దామని దాచిపెట్టుకున్నాడు.

"ఔ, మర్చిపోయిన," అన్నాను.

ఎంత సునాయాసంగా అన్నానో. వాడు ఎక్కడి నుంచో ఒక బ్లేడు తెచ్చిచ్చాడు. ఇప్పుడే పెట్టు బావా అన్నాడు. కాదనడానికి లేదు. పైకప్పు రెండు చిన్న మరలతో బిగించి ఉంటుంది. విప్పి పైకి లేపాను. పట్టపగలు, వాకిట్లో ఎండ నేరుగా లోపల పడింది. నల్లటి డాష్‌బోర్డుకు ఎడమ పక్కన గోరంత మేర రంగు లేచిపోయి, రేకు తళుక్కుమంది. దాని చుట్టూ గమ్ము గుండ్రంగా గడ్డకట్టి ఉంది. బొటనవేలు అడ్డం పెట్టాను. ఆలస్యమైంది. చక్రాలు రుద్దిన మనిషి వాడు, పోగు తెగితే దూరం నుంచి కనిపెట్టే కళ్లు వాడివి. నా బొటనవేలును తన వేలితో మెల్లగా పక్కకు జరిపి, ఆ మచ్చను తడిమి చూశాడు.

"ముందుగాల గీ పక్కకే పెట్టినట్టున్నవ్ గద," అన్నాడు. మచ్చ మీదే వేలుంచి అడిగాడు. "మల్ల ఎందుకు తీసినవ్, బావా?"

గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. నా భార్య చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో ఆగిపోయింది. నేను బ్లేడు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. వాడు బండిని నా ఒళ్లోంచి తీసుకుని, పైకప్పు పెట్టి, మరలు గోటితోనే బిగించి, లోపలికి తీసుకుపోయి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. స్టీరింగు కుడి పక్కనే ఉండిపోయింది. చాయ్ చల్లారింది, ఎవరం తాగలేదు.